రైతు అన్న మాటలో ఎవరెవరు?

చాలా ఏళ్ల కిందటి సంగతి. వాన మొహం చాటేసిన ఒక సంవత్సరం, అనంతపురం పల్లెల్లో తిరిగే ఓ చిన్న సేవాసంస్థకు పేర్ల జాబితా తయారుచేసే పని నాకు ఒప్పజెప్పారు. డేటాబేస్ నేనే గీశాను. ఊరు, ఇంటిపేరు, పేరు, వయసు, ఆ పక్కన ‘వృత్తి’ అని ఒక గడి. ఆ గడి నొక్కితే నాలుగు మాటలు కిందికి జారేవి: రైతు, కూలీ, గొర్రెల పెంపకం, ఇతరం. నాలుగింట్లో ఒకటి ఎంచుకుంటేనే తరువాతి గడికి పోనిచ్చేది.

వేపచెట్టు కింద వరసలో కూర్చున్న ఒకామెను ‘‘ఏం చేస్తారమ్మా మీరు?’’ అని అడిగాను. ‘‘సేద్యం జేస్తాం. కూలికీ పోతాం. నాలుగు గొర్లు ఉండాయి. నీకేది కావల్నో అది రాసుకో నాయనా’’ అంది. భూమి ఎవరి పేర ఉందంటే మామ పేర అంది. నేను ‘కూలీ’ నొక్కాను. నెల తిరక్కముందే విత్తనాలు పంచేవాళ్లు అదే జాబితాను ‘రైతు’ అన్న మాట పెట్టి వడకట్టారు. ఆమె పేరు రాలేదు. తప్పు ఆమెది కాదు, వడకట్టిన వాళ్లదీ కాదు. ఆ గడిలో ఒకే మాటకు చోటిచ్చిన నాది.

అప్పటినుంచి ‘రైతు’ అన్న మాట ఎక్కడ కనిపించినా కాసేపు ఆగి చూస్తాను.

ఈ మాట మనకు బయటినుంచి వచ్చింది. అరబ్బీలో దీని మూలం ‘రఇయ్యత్’. ఆ ధాతువుకు మేపడం, కాచుకోవడం అని అర్థం. మేపేవాడు ‘రాఈ’, అతను మేపే మంద ‘రఇయ్యత్’. కాపరి మందను కాచినట్టు ఏలినవాడు జనాన్ని కాయాలి గనుక ఆ మంద పేరే పాలితులందరికీ పేరయింది. ఒట్టోమన్ ఏలుబడిలో పన్ను కట్టే జనమంతా ఈ మాట కిందికే వచ్చేవారు. దున్నేవాడు, అంగడివాడు, చేతిపనివాడు, అందరూ. పారశీకం మీదుగా మన కచేరీల్లోకి దిగేసరికి, శిస్తులో పెద్ద భాగం నేల నుంచే రావాలి కాబట్టి, మాట మెల్లగా నేల దున్నేవాడి మీద వాలింది. తెలుగు నోట నాని ‘రైతు’ అయింది.

భాషాశాస్త్రం చదివినవాళ్లు దీన్ని అర్థసంకోచం అంటారు. ‘చీర’ ఒకప్పుడు ఏ బట్టకైనా చెల్లేది, ఇప్పుడు ఆడవాళ్లు కట్టుకునేదానికే చెల్లుతుంది. దీనికి ఎదురు నడక అర్థవ్యాకోచం. నువ్వుల నెయ్యి ‘నూనె’ అయింది, ఆ తరువాత గింజ ఏదైనా పిండితే వచ్చేదంతా నూనే. అనంతపురం ఇళ్లలో శెనక్కాయ నూనె అంటున్నప్పుడు ఆ మాట లోపల నువ్వులు దాగి ఉన్నాయని ఎవరికీ తట్టదు. ఒక చిన్న రకం పేరు పైకెక్కి మొత్తం కుటుంబానికి పేరయింది. ‘రైతు’ దీనికి తలకిందులుగా నడిచింది. అందరికీ గొడుగైన మాట ముడుచుకుంటూ ముడుచుకుంటూ కొందరి మీదే నిలిచింది. నాలుగు గొర్రెలున్న ఆమెను నేను రైతు జాబితా నుంచి తీసేశాను కదా, మందకు పుట్టిన మాట మందను కాచే మనిషికే అందకుండా పోయింది.

ముడుచుకోవడంలో ఆఖరి మడత పడింది మా అనంతపురంలోనే. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. దత్తమండలాలని పేరు పడింది. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు, అనంతపురమే మొదట ఆయనకు కేంద్రం. మధ్యలో జమీందారు లేకుండా ప్రతి సాగుదారుతో సర్కారు నేరుగా లెక్క చూసుకోవాలన్నది ఆయన పట్టు. పొలం పొలం కొలిపించి, దాని శిస్తు కట్టి, ఫలానా ఏటికి ఇంత కట్టాలని రాసి చేతికిచ్చే కాగితం పట్టా. ఆ పద్ధతి పేరులోనే రైతు ఉన్నాడు: రయత్వారీ. ఊళ్లల్లో ఈ సీమ జనం మన్రోను ఇప్పటికీ మంచిగానే తలుచుకుంటారు, ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. ఆనాటి పట్టా పన్ను చీటీ. నువ్వు ఈ ఏడు ఇంత బాకీ అని చెప్పేది. కాలం గడిచేకొద్దీ బాకీ చెప్పే కాగితం హక్కు చెప్పే కాగితమైంది, హక్కు చెప్పే కాగితం మనిషిని చెప్పే కాగితమైంది. ఎవరు రైతు అంటే ఎవరి చేతిలో పట్టా ఉందో వాడు. మాటను చట్టం ఇలా మూసింది. కంప్యూటరు వచ్చింది ఆ తరువాత నూట యాభై ఏళ్లకు పైగా గడిచాక. మూసిన దాన్నే అది గళ్లలో పోసింది.

డేటాబేస్ గీసేవాళ్ల దగ్గర ఈ చిక్కుకు ఒక శాస్త్రం ఉంది. 1976లో పీటర్ చెన్ ఒక వ్యాసంలో, లోకాన్ని వస్తువులుగానూ వాటి మధ్య సంబంధాలుగానూ చూసి పటం గీయవచ్చని చెప్పాడు. మరుసటి ఏడు జాన్ స్మిత్, డయాన్ స్మిత్ ఆ ఆలోచనకు నిలువు మెట్లు కట్టారు: చాలా రకాల వస్తువుల్లో ఉమ్మడిగా ఉన్నదాన్ని పైకి తీసి ఒక పేరు పెట్టు, ఒక్కోదానికే ప్రత్యేకమైనదాన్ని కింద ఉంచు. పైది సూపర్‌టైప్, కిందివి సబ్‌టైపులు. మన వైశేషికులు సామాన్యం, విశేషం అని వేరుచేసిన చోటే వీళ్లూ చెయ్యిపెట్టారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో దీనికి బ్యాంకు ఖాతా ఉదాహరణ చెబుతారు. ఖాతా అనే పైరకం, దానికింద పొదుపు ఖాతా, కరెంటు ఖాతా. ఖాతా నంబరు, పేరు పైన ఉంటాయి, వడ్డీ రేటు పొదుపు ఖాతా కింద ఉంటుంది. పాఠం అక్కడితో అయిపోతుంది. కానీ బ్యాంకు ఖాతా రాత్రికి రాత్రి గొర్రెలు కాయడానికి పోదు.

ఆ పటం గీసేటప్పుడు ప్రతి పైరకం దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పైరకంలోని ప్రతి ఒక్కరూ ఏదో ఒక కిందిరకంలో పడతారా, లేక పడనివాళ్లు మిగులుతారా? ఒకరు ఒక కిందిరకంలోనే ఉండాలా, రెండు మూడింట్లో ఒకేసారి ఉండొచ్చా? మొదటిదానికి నేను ‘ఇతరం’ అని పెట్టి తప్పించుకున్నాను. రెండోది నన్ను నేను అడుక్కోనే లేదు. డ్రాప్‌డౌన్ పెట్టిన క్షణంలోనే జవాబు చెప్పేసినట్టయింది. ఒకటే.

జనాభా లెక్కలదీ అదే జవాబు. సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమ వాళ్లు, ఇతర పనివాళ్లు అని నాలుగు పెట్టెలు. మనిషి ఒక పెట్టెలోనే పడాలి. కోట్ల మందిని లెక్కపెట్టేవాళ్లకు అదే సులువు, దాని అవసరం నాకు అర్థమవుతుంది. కానీ సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా నమ్మకంగా కురవని ఎర్రనేలలో మనిషి ఏడాది ఎలా నడుస్తుందో చూడండి. పదును పడితే శెనక్కాయ విత్తాలి. తన చేను కలుపు అయ్యాక పక్కవాళ్ల కలుపుకు కూలికి పోవాలి. కాయ ఊరే వేళకు వాన పోతే చేను గొర్రెలకు వదలాలి. ఎండాకాలం ఉపాధి పనికి పోవాలి, అదీ చాలకపోతే బెంగుళూరులో ఇటుకలు మొయ్యాలి. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే ఇక్కడ, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆ పథకం లెక్కలో ఇదే మనిషి ‘వేతనదారు’. బ్యాంకు లెక్కలో ‘రుణగ్రహీత’. విత్తనాల లెక్కలో, పట్టా ఉంటే, ‘రైతు’. ఒక్క ఒంటి మీద ఇన్ని పేర్లు ఉన్నాయి, అన్నిటినీ కలిపి పట్టుకునే పైమాట మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

తెలుగు వ్యాకరణానికి మాత్రం ఈ చిక్కు తెలుసు. మనది లింగాన్ని వచనంతో కలిపి చూసే భాష. ‘అతను వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’. ఒక్కరున్నప్పుడు ఆమె క్రియ ఆవు క్రియతో కలుస్తుంది. పదిమంది అయితే? ‘మగవాళ్లు వచ్చారు’, ‘ఆడవాళ్లు వచ్చారు’, ‘ఆవులు వచ్చాయి’. ఇప్పుడు ఆమె అతనితో కలిసింది. చిన్నయసూరి సంప్రదాయంలో మహత్తు, మహతి, అమహత్తు అని చెప్పేది ఈ సంగతే. ఒకే నామం ఒక లెక్కలో ఒక గుంపుకు, ఇంకో లెక్కలో మరో గుంపుకు చెందవచ్చని మన క్రియాపదాలు రోజూ ఒప్పుకుంటున్నాయి. ఏకవచనంలో ఆడమనిషికి జరిగింది న్యాయమా అన్న చర్చ వేరే ఉంది, అది చేయాల్సిందే. ‘రైతు వచ్చాడు’ అనే వాక్యం ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, ‘రైతు వచ్చింది’ అంటే మాత్రం చెవి ఆగుతుంది. అందుకే ‘మహిళా రైతు’ అని ముందొక మాట తగిలిస్తాం. మగవాడికి ఏ తగిలింపూ అక్కర్లేదు. పైరకం పేరును మగ కిందిరకం సొంతం చేసుకుందన్నమాట.

సమాసాలు ఇంకా తేటగా చెబుతాయి. ‘కౌలు రైతు’, ‘సన్నకారు రైతు’ అంటే చివరి మాటే అసలు మాట, ముందుది విశేషణం. సన్నకారు రైతు ఒక రకం రైతు. డేటాబేస్ భాషలో ఇదే సబ్‌టైపు. ‘రైతు బజారు’ అలా కాదు, అది ఒక రకం రైతు కాదు, రైతుకూ బజారుకూ ఉన్న సంబంధం. మరి ‘రైతు కూలీ’? రైతూ కూలీ అని ఇద్దరా? రైతుగా ఉంటూనే కూలీ అయిన ఒకడా? ద్వంద్వమని విప్పితే ఇద్దరు, కర్మధారయమని విప్పితే ఒకడే. ఊళ్లో సంఘాల బోర్డుల మీద ఈ సమాసం దశాబ్దాలుగా ఉంది, ఎవరూ దాన్ని విప్పమని అడగలేదు. రెండు విప్పులూ నిజమే గనుక. ఆ రోజు వేపచెట్టు కింద ఆమె చెప్పింది ఈ సమాసాన్నే, నేను దాన్ని బలవంతంగా విరిచాను.

ఇక కౌలు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించే మాట. అరబ్బీలో ‘ఖౌల్’ అంటే మాట. నోటితో పలికిన మాట, చెప్పినది. అక్కడినుంచి మాట ఇవ్వడం, ఒప్పందం, అభయం. కంపెనీ కాలానికి అది కాగితం మీదికి దిగింది. బీడు పడిన ఊళ్లకు మళ్లీ జనాన్ని పిలవాలంటే, ఇన్నేళ్లు ఇంతే శిస్తు అని రాసిచ్చే హామీ పత్రం కౌలు. ఇలాంటి కచేరీ మాటల కోసమే బ్రౌన్ దొర 1854లో మిశ్రభాషా నిఘంటువు అచ్చు వేయవలసి వచ్చింది. సరే, కాగితమైన ఆ మాట పల్లెల్లో మళ్లీ ఏమైంది? తిరిగి మాటే అయింది. మా దిక్కున కోరుకు చేసినా, గుత్తకు పట్టినా, ‘ఈ ఏటికి నువ్వు చేసుకో’ అని ఒక నోటిమాట. సంతకం ఉండదు, సాక్షి ఉండడు. కౌలు రైతు అంటే అక్షరాలా మాట మీద బతికే రైతు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఈ మాటకు మళ్లీ కాగితం ఇవ్వాలని చూసింది. పదకొండు నెలలకు ఒప్పందం, దానిమీద కార్డు, ఆ కార్డు మీద పంట రుణం, బీమా. ఉద్దేశం మంచిది. కానీ భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమానికి భయం. అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వడేమోనని కౌలుదారుకు భయం. ఇద్దరి భయం మధ్య గడి ఖాళీగా ఉండిపోతుంది. అదే ఏడాది కేంద్రం మొదలుపెట్టిన పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది, సాగుభూమి తమ పేర ఉన్న కుటుంబాలకే. పథకం పేరులో కిసాన్ ఉన్నాడు, నిబంధనలో పట్టాదారు ఉన్నాడు.

ఈ తేడా బతికున్నప్పుడు కొన్ని వేల రూపాయల తేడా. చచ్చిపోయాక ఇంకా పెద్దది. అప్పు భారంతో ప్రాణం తీసుకున్నవాడి పేర పొలం లేకపోతే, పొలం తండ్రి పేరో అన్న పేరో ఉంటే, అతను రైతేనా అని ప్రశ్న వస్తుంది. చనిపోయింది ఆడమనిషి అయితే ఆ ప్రశ్న కూడా రాదు, రైతు భార్య అని రాసి వదిలేస్తారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ ఏళ్ల తరబడి రాస్తూ వచ్చిన సంగతుల్లో ఇదొకటి. వృత్తి గడిలో ఏ మాట పడిందన్నదాని మీద ఒక ఇంటికి సాయం అందడమో అందకపోవడమో ఆధారపడింది.

వెడల్పైన నిర్వచనం మన దేశంలో లేక కాదు. ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షుడిగా ఉన్న జాతీయ రైతుల కమిషన్ సిఫారసుల మీద 2007లో జాతీయ రైతు విధానం వచ్చింది. అందులో రైతు అంటే భూమి ఉన్నవాడు, కౌలుదారు, పాలుదారు, వ్యవసాయ కూలీ, పశువులూ కోళ్లూ పెంచేవారు, చేపలు పట్టేవారు, తేనెటీగలు పెంచేవారు, మందలు తోలుకుని తిరిగేవారు, పోడు చేసే గిరిజన కుటుంబాలు. అరబ్బు కాపరి నోట పుట్టిన వెడల్పుకు ఆ మాట మళ్లీ దగ్గరగా వచ్చింది. ఆ విధానం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కానీ విధానంలో ఉన్న మాట సాఫ్ట్‌వేర్‌లోకి దిగలేదు. సాఫ్ట్‌వేర్ పట్టాను అడుగుతుంది.

మరి పటం ఎలా గీయాలి? జవాబు నాకు నిఘంటువులోనే దొరికింది, ‘దారు’ అనే చిన్న ప్రత్యయంలో. పారశీకంలో ‘దార్’ అంటే పట్టుకున్నవాడు, కలిగినవాడు. పట్టాదారు, కౌలుదారు, సాగుదారు, వాటాదారు. సంస్కృతపు మాటల మీద కూడా మనం దీన్ని తగిలించుకున్నాం: అనుభవదారు, లబ్ధిదారు. ఈ మాటల్లో ఏదీ మనిషి రకాన్ని చెప్పదు. మనిషి చేతిలో ఏముందో చెబుతుంది. పట్టా చెయ్యి మారితే పట్టాదారు మారతాడు, మనిషి మారడు. అంటే పట్టాదారు అనేది సబ్‌టైపు కాదు, మనిషికీ నేలకూ మధ్య ఒక సంబంధం. చెన్ పటంలో వస్తువుకు గీసే పెట్టె కాదది, సంబంధానికి గీసే వజ్రం ఆకారం. సంబంధాన్ని తీసుకొచ్చి మనిషి రకంగా పెట్టడంలోనే తప్పంతా ఉంది.

మన పాత ఊరి లెక్కకు ఇది తెలియకపోలేదు. అడంగల్‌లో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఇంకో గడి వేరుగా ఉన్నాయి. ‘అడంగల్’ తమిళం, అడంగడమంటే ఇమిడి ఉండడం, మన కావ్యాల్లోని ‘అడఁగు’కు తోబుట్టువు. ఊరి సాగంతా ఇమిడే పుస్తకం అన్నమాట. ఎంత చక్కటి పేరు! గీసినవాడు రెండు గళ్లు గీశాడు, నింపేవాళ్లు రెండింట్లోనూ ఒకే పేరు రాస్తూ వచ్చారు. కంప్యూటరుకెక్కిన అడంగల్‌లోనూ రెండు గళ్లూ ఉన్నాయి. నేను చూసిన చాలా పేజీల్లో పక్కపక్కనే అదే పేరు రెండుసార్లు ఉంది. ఆ చేనులో విత్తినవాడి పేరు మూడో చోట కూడా లేదు.

ఆమె మాట మళ్లీ గుర్తుచేసుకుంటాను. ‘‘సేద్యం జేస్తాం, కూలికీ పోతాం’’ అంది గానీ ‘నేను రైతును’ అనలేదు, ‘కూలీని’ అనీ అనలేదు. అడిగింది నామవాచకం, ఆమె ఇచ్చింది క్రియ. మా సీమలో సేద్యం చేసేవాళ్లు ఎక్కువగా ఇలాగే చెబుతారు. క్రియ కాలంతో మారుతుంది, ఒకదాని పక్కన ఇంకోటి పెట్టుకోవచ్చు. డేటాబేస్ తెలిసినవాళ్లు దీన్ని పాత్ర అంటారు, రకం అనరు.

ఆ తరువాత నేను గీసిన పట్టికల్లో పైన ‘వ్యక్తి’ ఒక్కటే ఉంది. ఆమెకు ఒక నంబరు. కింద సాగు, కూలి, మందకాపు మూడు వేర్వేరు పట్టికలు, మూడింట్లోనూ అదే నంబరు మోసుకునే వరస ఉండవచ్చు. సాగు పట్టికలో చేను సర్వే నంబరు, పంట, ఏడాది ఉంటాయి. పట్టా సంగతి ఇంకో పట్టిక, అక్కడ మామ పేరు ఉంటుంది, దానివల్ల కోడలి సాగు చెరిగిపోదు. పని కొంచెం ఎక్కువవుతుంది. పట్టికలు కలిపి చదవాలి, కంప్యూటరుకు అది లెక్కలోది కాదు. మనిషిని విరవక్కర్లేదు.

అనంతపురం కాలేజీల్లో ఇప్పుడు ఈ పాఠం చదువుతున్న పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో అమ్మ సేద్యం చేస్తుంది, కూలికీ పోతుంది. రేపు బెంగుళూరులోనో హైదరాబాద్‌లోనో కూర్చుని ప్రభుత్వ పథకాల సాఫ్ట్‌వేర్ రాసేది వాళ్లే. వాళ్లకు నా విన్నపం ఒక్కటే. బ్యాంకు ఖాతా బొమ్మ పక్కన పెట్టి, ఒకసారి మీ అమ్మను గీయండి. ‘వృత్తి’ గడి దగ్గర ఎన్ని గుర్తులకు చోటివ్వాలో ఆమెను అడిగి పెట్టండి.